ఏఐ ఏజెంట్‌కు అర్థమయ్యేలా టూల్ వివరణ

2025లో క్లాడ్ అనే ఏఐ మోడల్‌కు ఇంటర్నెట్‌లో వెతికే టూల్ జతచేశారు. అవసరం లేకపోయినా అది ప్రశ్నకు ‘2025’ అని తగిలించేది. దాంతో ఫలితాల నాణ్యత దెబ్బతినేది. క్లాడ్‌ను తయారుచేసిన ఆంథ్రోపిక్ ఇంజినీర్లు ఆ టూల్ గురించి రాసిన వివరణను సరిదిద్ది ఈ అలవాటు మాన్పించారు. కొద్దిపాటి రాతకు అంత బలం ఎక్కడిది?

చాట్‌బాట్ జవాబు చెప్పి ఊరుకుంటుంది. ఏజెంట్ పనులు కూడా చేస్తుంది: ఫైళ్లు తెరుస్తుంది, డేటాబేస్‌లో వెతుకుతుంది, మెయిల్ పంపుతుంది. నిజానికి ఏజెంట్‌లోని మోడల్ ఇవేవీ స్వయంగా చేయదు. అందుబాటులో ఉన్న టూల్స్ జాబితా దానికి ఇస్తారు. ఒక్కో టూల్‌కు ఒక పేరు, కొద్దిపాటి వివరణ, నింపాల్సిన అంశాల పట్టిక ఉంటాయి. అవి చదివి, ఏ టూల్‌ను ఏ వివరాలతో నడపాలో మోడల్ నిర్ణీత రూపంలో రాసిస్తుంది. వేరే ప్రోగ్రాం దాన్ని నడిపి, వచ్చిన ఫలితాన్ని మళ్లీ మోడల్‌కు అందిస్తుంది. ఓపెన్‌ఏఐ 2023 జూన్‌లో తన ఏపీఐలో (ఇతర ప్రోగ్రాంలు మోడల్‌ను వాడుకునే మార్గంలో) ఈ పద్ధతి తెచ్చింది. 2024 నవంబరులో ఆంథ్రోపిక్ ప్రకటించిన ఎంసీపీ అనే ప్రమాణం, రకరకాల ఏఐ ప్రోగ్రాంలకు టూల్స్‌ను ఒకే తీరులో జతచేసే వీలు కల్పించింది.

సాధారణంగా టూల్ లోపలి కోడ్ మోడల్‌కు కనబడదు. కొత్తగా చేరిన ఉద్యోగికి అనుమానం వస్తే పక్కవాళ్లను అడుగుతాడు, వారం తిరిగేసరికి కిటుకులు పట్టేస్తాడు. మోడల్‌కు మాత్రం, ప్రత్యేకంగా ఏర్పాటు చేస్తే తప్ప, ప్రతి సంభాషణా కొత్తదే. వివరణలో లేనిదాన్ని అది ఊహించి నింపుతుంది. ఆ ఊహ చూడ్డానికి సబబుగానే ఉంటుంది కాబట్టి తప్పు ఓ పట్టాన బయటపడదు.

రైళ్లు వెతికే టూల్ ఒకటి ఉందనుకుందాం. వివరణ: ‘రైళ్ల సమాచారం ఇస్తుంది’. నింపాల్సినవి: ‘నుంచి’, ‘వరకు’, ‘తేదీ’. ఊరి పేరు రాయాలా, స్టేషన్ కోడా? హైదరాబాద్ అంటే నాంపల్లా, సికింద్రాబాదా, కాచిగూడా? 05-06 మన లెక్కలో జూన్ 5, అమెరికా లెక్కలో మే 6. అదే వివరణను ఇలా రాయొచ్చు: ‘రెండు స్టేషన్ల మధ్య ఒక రోజున నడిచే రైళ్ల జాబితా ఇస్తుంది. స్టేషన్ కోడ్‌లే ఇవ్వాలి. ఉదాహరణకు విజయవాడకు బీజడ్ఏ. కోడ్ తెలియకపోతే ముందు స్టేషన్ కోడ్ వెతికే టూల్ వాడాలి. తేదీని ఏడాది, నెల, రోజు వరుసలో రాయాలి: 2026-06-05. ఖాళీ సీట్లు చెప్పదు, టికెట్ బుక్ చేయదు.’

ఆ చివరి వాక్యాన్ని చాలామంది వదిలేస్తారు. టూల్ ఏం చేయలేదో చెప్పే పద్ధతి కొత్తదేమీ కాదు. 1971 నవంబరులో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ బెల్ ల్యాబ్స్‌లో వెలువరించిన యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ తొలి మాన్యువల్‌లోనే, తెలిసిన లోపాలు రాయడానికి ‘బగ్స్’ అనే విభాగం ఉంది.

టూల్ తిరిగి పంపే మాటలూ వివరణలో భాగమే. ‘ఎర్రర్ 400’ అని ఊరుకుంటే ఏజెంట్ అదే పొరపాటు మళ్లీ చేయొచ్చు. ‘ఆ కోడ్‌తో స్టేషన్ లేదు; ముందు కోడ్ వెతకండి’ అంటే దారిలో పడుతుంది. అలాగని పేజీలకు పేజీలు రాయడమూ పనికిరాదు. మోడల్ ఒక్కసారికి చూడగలిగే రాతకు హద్దుంది. వివరణలూ ఫలితాలూ అందులోనే సర్దుకోవాలి.

కొన్నిచోట్ల ఎంత రాసినా లాభముండదు, టూల్‌నే మార్చాలి. కోడ్ రాసే ఏజెంట్ ఒకటి వేరే ఫోల్డర్‌లోకి వెళ్లాక ఫైళ్ల చిరునామాలు తప్పుగా ఇస్తోందని ఆంథ్రోపిక్ ఇంజినీర్లు గమనించారు. మూల ఫోల్డర్ నుంచి మొదలయ్యే పూర్తి చిరునామా ఇస్తేనే టూల్ తీసుకునేలా మార్చారు. తప్పులు ఆగిపోయాయి.

వివరణ చెప్పినట్టు మోడల్ నడుచుకోవడంలో ప్రమాదమూ ఉంది. వివరణలో రహస్య ఆదేశాలు దాచి ఏజెంట్‌తో సమాచారం దొంగిలించవచ్చని 2025 ఏప్రిల్‌లో ఇన్వేరియంట్ ల్యాబ్స్ అనే సంస్థ చేసి చూపించింది. ‘ఈ టూల్ డేటాను చెరిపేయగలదు’ అని సూచించే గుర్తులు ఎంసీపీలో ఉన్నా, నమ్మకం లేని చోటినుంచి వస్తే వాటిపై ఆధారపడొద్దని ఆ ప్రమాణమే చెబుతుంది. అందుకే చెరిపేసే పనులకూ, డబ్బు చెల్లింపులకూ మనిషి అనుమతి తప్పనిసరి చేయాలి.

వివరణ బాగుందో లేదో తేల్చడానికి ఏజెంట్‌కు నిజమైన పనులు అప్పగించి, అది వేసిన ప్రతి అడుగూ చదవాలి. ఎక్కడ తడబడిందో అక్కడి వాక్యం సరిదిద్దాలి. టూల్ మారిన రోజే వివరణా మారాలి. పాతబడిన వివరణ చూసి అనుభవమున్న మనిషి ఆగి ఆలోచిస్తాడేమో గానీ, ఏజెంట్ దాన్నే నమ్మి పని కానిచ్చేస్తుంది.