నీళ్ళ ఊరి నుంచి రాళ్ళ కోటకి

మాది రావులపాలెం. గుమ్మం దాటితే కొబ్బరిచెట్టు, వీధి దాటితే అరటితోట, ఊరు దాటితే గౌతమి. యాభై రెండేళ్ళుగా నేను చేసిన ప్రయాణాలన్నీ పెళ్ళిళ్ళకీ, పుణ్యక్షేత్రాలకీ. ఊరికే చూసి రావడానికి ఎక్కడికైనా వెళ్ళొచ్చన్న ఊహే ఎప్పుడూ రాలేదు.

కిందటి డిసెంబరులో వచ్చింది, మా వదిన వల్ల. అన్నయ్యగారు పోయి ఏడాదిన్నర. అప్పట్నుంచీ ఆవిడ గడప దాటడం మానేశారు. పేరంటాలకి పిలిచేవాళ్ళూ తగ్గిపోయారు. "గుడికెళ్దాం రండి వదినా" అంటే, "మొక్కుకోడానికి నాకింకేముందే" అనేవారు. అందుకే గుడి మాటెత్తకుండా, "గండికోట చూసొద్దామనుంది, ఒక్కదాన్నీ వెళ్ళలేను, తోడు రండి" అన్నాను. తోడనేసరికి కాదనలేకపోయారు.

రాజమండ్రిలో రైలెక్కి కడపలో దిగాం. అక్కణ్ణించి బస్సులో జమ్మలమడుగు, ఆటోలో మరో పదిహేను కిలోమీటర్లు. దారి పొడుగునా బండరాళ్ళు, ముళ్ళకంపలు, ఎండిపోయిన వాగులు. ఎడారి కాదు గానీ, మా కోనసీమ కళ్ళకి అలాగే ఉంది. "ఇక్కడి ఆడవాళ్ళు నీళ్ళెక్కణ్ణించి తెచ్చుకుంటారే?" అని అడిగారు వదిన. ఏడాదిన్నరలో ఆవిడ ఇతరుల గురించి అడగడం అదే మొదలు.

ఎర్రమల కొండల్ని పెన్న చీల్చుకుంటూ పోయిన చోటే గండి. ఆ గండి పక్కన కట్టారు కాబట్టి గండికోట. ఒకవైపు లోయే పెట్టనికోట, మిగతా వైపు రాతి గోడలు. విజయనగర రాజుల కాలంలో పెమ్మసాని నాయకులు ఏలిన ఈ కోటని 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పట్టుకున్నాడు. ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే 1652లో అతణ్ణి కలుసుకోడానికి ఇక్కడికే వచ్చాడట. లోపల మాధవరాయ స్వామి గుడి, జామా మసీదు, దాని దగ్గర్లోనే పెద్ద ధాన్యాగారం. గుడిలో స్తంభాల మీద శిల్పాలున్నాయి, పూజలు లేవు. వదిన ధాన్యాగారం దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డారు. "యుద్ధమొచ్చినా వండిపెట్టేవాళ్ళకి సెలవుండదు కదా" అన్నారు.

లోయ అంచుకి వెళ్ళాలంటే బండల మీద నుంచి ఎక్కి దిగాలి. సగం దూరంలో నా మోకాళ్ళు మొరాయించాయి, కళ్ళు తిరిగినట్టయి కూలబడ్డాను. తోడు తీసుకొచ్చిన నన్ను ఆవిడే చెయ్యి పట్టుకుని నడిపించారు. ఎర్రటి రాళ్ళు పేర్చినట్టున్న గోడల మధ్య, ఎక్కడో అడుగున పెన్న! పొద్దు వాలేకొద్దీ ఆ రాళ్ళు కాగిన ఇటుకల్లా మెరిశాయి. ఇద్దరం మాట్లాడుకోలేదు. కాసేపటికి వదిన కళ్ళు తుడుచుకుని, "మీ అన్నయ్యగారికి చూపించాల్సింది" అన్నారు. ఆయన పేరు ఎత్తితేనే లేచి వెళ్ళిపోయే మనిషి, ఆ రాత్రంతా ఆయన కబుర్లే చెప్పారు.

మర్నాడు బెలూం గుహలు. గండికోట నుంచి సుమారు అరవై కిలోమీటర్లు, ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్నాయి. పొలాల మధ్య బావిలాంటి గోతిలో మెట్లు దిగితే, 3,229 మీటర్ల పొడవైన గుహలు. సున్నపురాయిని నీళ్ళు కరిగించుకుంటూ పోగా ఏర్పడ్డాయివి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటి గురించి రాశాడు. సందర్శకుల్ని 2002 నుంచి రానిస్తున్నారు. లోపల ఉక్కపోత బాగా ఉంటుంది. అట్టడుగున పాతాళగంగ. పైనంతా ఎండిన నేల, కింద పారే నీళ్ళు! "మనసూ అంతేనేమో" అనుకున్నాను, పైకి అనలేదు.

మీరూ వెళ్ళాలనుకుంటే నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు వెళ్ళండి, ఎండాకాలం వద్దు. కోట దగ్గర టూరిజం వారి హరిత హోటల్ ఉంది, ముందే గది మాట్లాడుకోండి. మంచినీళ్ళు, చెప్పులకి బదులు బూట్లు తప్పనిసరి. చీరకన్నా పంజాబీ డ్రస్సు సుఖం. లోయ అంచున పిల్లల చెయ్యి వదలకండి.

ఇంటికొచ్చిన వారానికి వదిన ఫోను చేశారు. "ఏమే, నీ మోకాళ్ళు తగ్గాయా? ఈసారి ఎక్కడికి?" అని. మీ ఇంట్లోనూ గడప దాటడం మానేసినవాళ్ళు ఉండే ఉంటారు. రమ్మని బతిమాలకండి, తోడు రమ్మని అడిగి చూడండి.