పులితోలుకు మొదటి పూట

షికారు కథల్లో తుపాకి పేలడంతో కథ కంచికి వెళుతుంది. అసలు పని మొదలయ్యేది ఆ తరువాతనే. 1902 ఏప్రిల్‌లో వైస్రాయి కర్జన్ ప్రభువు నిజాం రాజ్యంలో, నెక్కొండ వైపు పులివేటకు వచ్చాడు. ఆనాటి ఫొటోలు ఇప్పటికీ అచ్చవుతుంటాయి. ఏప్రిల్ అన్నమాట గమనించండి. వాగులన్నీ ఎండితే పులి నీళ్లున్న మడుగును విడిచి దూరం పోదు. కనుక వేటకు వేసవే అదను. తోలు కుళ్లడానికీ అదే అదను! ఆ ఎండల్లో పొద్దున పడ్డ పులికి పొద్దుగూకేదాకా ఉప్పు పడకపోతే వెంట్రుక కుదుళ్లు వదిలేస్తుంది.

గడ్డం నుంచి తోకదాకా పొట్టమీదుగా ఒకే కోత, కాళ్లకు లోపలి పక్కన కోత పెడితే తోలు ఊడివస్తుంది. అంతవరకు సులువే. చెవులు, పెదవులు, పంజాల దగ్గరే పనితనం తెలిసేది. చెవిలోని మెత్తటి ఎముక నుంచి తోలు విడదీసి, సంచిలా లోపలిది బయటికి తిప్పాలి. పెదవులను రెండు పొరలుగా చీల్చాలి. కొవ్వూ కండా గీకి, మెత్తటి ఉప్పు పట్టించాలి. చిటికెడు కాదు, గంపెడు! మర్నాడు ఊరిన నీరు వార్చి, మళ్లీ ఉప్పు వేసి నీడన ఆరబెట్టాలి. ఎండలో వేస్తే పైన అట్టకట్టి లోపల కుళ్లుతుంది. మేకులు కొట్టి గట్టిగా లాగితే పులి జానెడు పొడుగవుతుంది. ఆ కిటుకు తెలిసిన వేటగాళ్లు లేకపోలేదు! మీసాలకూ గోళ్లకూ ఆశపడేవాళ్లుంటారు గనుక రాత్రంతా కాపలా తప్పదు.

సూర్యాపేటలో ఒక మిత్రుని ఇంట తాతలనాటి పులితోలు ఉంది. చెవులు రెండూ బోడి. చిమ్మెటలు కొట్టాయని ఇంటిల్లిపాదీ అనుకునేవారు. మా చివ్వెంలలో తోలుపనిలో తల పండిన పెద్దాయనను ఒకనాడు వెంట తీసుకువెళ్లాను. ఆయన చేసినవన్నీ మేకతోళ్లూ గొర్రెతోళ్లే. చెవి రెండు వేళ్లతో నలిపిచూసి, "పురుగు కాదు బిడ్డా! పురుగు కొడితే ఆడాడ కొడతది. ఇది రెండు చెవులకూ ఒక్కతీరుగ పోయింది. ఒలిచినోడు చెవి లోపలికి పోలే, ఉప్పు అందలే" అన్నాడు. మిత్రుడు మారుమాటాడలేదు.

ఉప్పుపట్టిన తోళ్లను వేటగాళ్లు దూరాలకు పంపేవారు. మైసూరులో వాన్ ఇంజెన్ వారి కార్ఖానా 1900 నుంచి సుమారు వందేళ్లు నడిచింది. పులులూ చిరుతలూ కలిపి 43,000 పైగా అక్కడ తయారయ్యాయంటే ఎన్ని అడవులు ఖాళీ అయ్యాయో ఊహించుకోండి. ఎంతటి పనివారైనా అడవిలో ఊడిన వెంట్రుకను మళ్లీ మొలిపించలేరు గదా! 1972 వన్యప్రాణి చట్టంతో పులివేట నేరమైంది. పాతతోలు ఇంట్లో ఉన్నా అటవీశాఖ వారి యాజమాన్య పత్రం ఉండాలి. దాన్ని అమ్మడానికి వీల్లేదు. మా మిత్రుని దగ్గర ఆ పత్రం భద్రంగా ఉంది.

ఒలిచిన చేతుల పేర్లు మాత్రం ఏ ఫొటో కిందా కనబడవు. వాళ్ల విద్య ఇప్పుడు మేకలకూ గొర్రెలకూ మిగిలింది. రెండేళ్లకోసారి మా మండలంలోని దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరలో తెగే జీవాలకు లెక్కుండదు. ఆ తోళ్లకైనా మొదటి పూటే ఉప్పు పడాలి.