కాల్చిన అనాస

కాల్చిన అనాస అనునది పండిన అనాసపండును చెక్కు తీసి, చక్రాలుగా గాని నిలువు ముక్కలుగా గాని కోసి, నిప్పుల సెగపై కాల్చి, దాల్చినచెక్క పొడి కలిపిన చక్కెర అద్ది తయారుచేసే ఒక తీపి వంటకం. బ్రెజిల్ దేశంలో "షుర్రాస్కో" అని పిలువబడే మాంసపు విందులలో దీనిని విరివిగా వడ్డిస్తారు. దక్షిణార్ధగోళంలో డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు వేసవి కాలం కాబట్టి అక్కడ క్రిస్మస్, నూతన సంవత్సర విందులు ఆరుబయట నిప్పుల చుట్టూ జరుగుతాయి. ఆ నిప్పుల మీదనే మాంసం తరువాత పండు కూడా కాలుతుంది. మూడు నాలుగు దినుసులతో, అరగంటలో పూర్తయ్యే ఈ వంటకాన్ని ఇంటిలో కుంపటి మీద గాని, దోసెల పెనం మీద గాని చేసుకోవచ్చు.

పేరు

తెలుగులో వాడే అనాస అనే మాట దక్షిణ అమెరికాకు చెందిన తూపీ భాష నుండి పోర్చుగీసు వారి ద్వారా వచ్చినది. పోర్చుగీసులో ఈ పండు "అననాస్". కన్నడ, హిందీ, తమిళ భాషలలోని పేర్లు కూడా ఈ మాటకు రూపాంతరాలే. మలయాళీలు మాత్రం తమ సొంత మాటనే కల్పించుకొని "కైతచక్క" అన్నారు. కైత అనగా మొగలి, చక్క అనగా పనస. మొగలి ఆకులవంటి ఆకులు, పనసవంటి గరుకు తోలు గల పండుకు ఇంతకంటే తగిన పేరు ఉండదు. విచిత్రమేమిటంటే పోర్చుగీసు మాట్లాడే బ్రెజిల్‌లో ఈ పండును సాధారణంగా "అననాస్" అనరు, "అబకషీ" అంటారు. అదీ తూపీ మాటే.

బిరియానీలో వేసే అనాసపువ్వుకు, ఈ పండుకు ఏ సంబంధమూ లేదు. అనాసపువ్వు చైనా, వియత్నాం ప్రాంతాలకు చెందిన ఒక చెట్టు కాయ. అనాస మొక్క పువ్వు అది కాదు.

చరిత్ర

అనాస (శాస్త్రీయ నామం: అననాస్ కొమోసస్) దక్షిణ అమెరికా ఖండానికి చెందిన మొక్క. 1493లో తన రెండవ యాత్రలో గ్వాడెలూప్ దీవిలో దిగిన కొలంబస్ బృందం దీనిని చూసింది. 16వ శతాబ్దంలో పోర్చుగీసు వారు భారతదేశానికి తెచ్చారు. మొగలు చక్రవర్తి జహంగీరు తన ఆత్మకథలో ఈ పండును ఐరోపావారి రేవుల నుండి వచ్చినదిగా పేర్కొని, ఆగ్రాలోని తోటలో ఏటా వేల సంఖ్యలో కాస్తున్నదని వ్రాసుకున్నాడు.

షుర్రాస్కో పద్ధతి దక్షిణ బ్రెజిల్‌లోని రియో గ్రాండే దో సుల్ ప్రాంతంలో పశువులను కాచే "గౌచో"లతో ముడిపడినది. పొడవైన ఇనుప ఊచలకు మాంసపు ముక్కలు గుచ్చి కట్టెల లేదా బొగ్గుల సెగపై కాలుస్తారు. ఇటువంటి విందు భోజనశాలలలో వడ్డనవారు ఊచలను బల్లల వద్దకు తెచ్చి, అతిథి కోరినంత కోసి వడ్డిస్తారు. మాంసపు ఊచల నడుమ గాని చివర గాని, చక్కెర, దాల్చినచెక్క పూసి మొత్తంగా కాల్చిన అనాస ఊచ వస్తుంది. దాని పైపొరను పలుచని చెక్కలుగా కోసి పెడతారు. లోపలి పచ్చి భాగం బయటపడగానే ఊచ మళ్ళీ నిప్పుల మీదకు పోతుంది.

పండును ఎన్నుకొనుట

ఈ వంటకం రుచి సగం పైగా పండును ఎన్నుకోవడంలోనే ఉన్నది. అరటి, మామిడి పండ్లను పచ్చిగా కోసి మగ్గబెడితే వాటిలోని పిండి పదార్థం చక్కెరగా మారి తీపి వస్తుంది. అనాసలో అటువంటి పిండి నిల్వ ఉండదు. మొక్క నుండి కోసిన నాటికి ఎంత తీపి ఉన్నదో అంతే. ఇంట్లో పది రోజులు ఉంచితే తోలు పసుపుపచ్చగా మారి, పండు మెత్తబడి, చివరకు పులిసిపోతుందే తప్ప తియ్యబడదు. పచ్చి పండును కొని బియ్యం డబ్బాలో దాచేవారు ఈ సంగతి గమనించాలి.

తోలు రంగు కూడా నమ్మదగిన గుర్తు కాదు. ఎథెఫాన్ అనే రసాయనంతో తోలుకు పసుపు రంగు తెప్పించవచ్చు, కాని లోపలి తీపి దానివల్ల పెరగదు. అడుగుభాగాన్ని ముక్కు దగ్గర పెట్టుకొని చూడటం మంచి పద్ధతి. తియ్యని వాసన ఉంటే పండినది, వాసనే లేకపోతే పచ్చిది, పులుపు వాసన ఉంటే మురగనారంభించినది. చేతికి బరువుగా తగిలే పండులో రసం ఎక్కువ. నడిమి ఆకును లాగి చూసే అలవాటు చాలామందికి ఉన్నది గాని ఆకు ఊడి రావడం తీపికి గుర్తు కాదు.

దక్షిణ భారతంలో వేసవిలో దొరికే పండులో ఎక్కువ భాగం కేరళలోని వళక్కుళం ప్రాంతపు మారిషస్ రకం. దీనికి 2009లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఇది చిన్నదిగా, గట్టి కండతో ఉంటుంది కాబట్టి కాల్చడానికి అనుకూలం. ఆంధ్రప్రదేశ్‌లో సీతంపేట ఏజెన్సీ (2022 నుండి పార్వతీపురం మన్యం జిల్లా) కొండ వాలులలో గిరిజన రైతులు అనాస పండిస్తారు. ఆ పంట వేసవి ముగిసి వానలు మొదలయ్యే రోజులలో సంతలకు దిగుతుంది. రసం ఎక్కువగా ఉండే క్యూ రకం పండు దొరికితే ముక్కలను కాస్త మందంగా కోయాలి.

తయారుచేయు విధానం

నలుగురికి సుమారు ఒకటిన్నర కిలోల పండు ఒకటి, మూడు పెద్ద చెంచాల చక్కెర లేదా బెల్లపు పొడి, ఒక చిన్న చెంచా దాల్చినచెక్క పొడి, ఒక పెద్ద చెంచా నెయ్యి లేదా వెన్న, చిటికెడు ఉప్పు, సగం నిమ్మకాయ సరిపోతాయి.

ముందు పిలకను, అడుగును కోసివేసి పండును నిలబెట్టి పైనుండి క్రిందికి చెక్కు తీయాలి. చెక్కును లోతుగా తీస్తే "కళ్ళు" అన్నీ పోతాయి గాని వాటితో బాటు తియ్యని కండ కూడా పోతుంది. పలుచగా చెక్కి, మిగిలిన కళ్ళను ఏటవాలు వరుసలుగా, సన్నని కాలువల మాదిరి కోసి తీయడం మేలు. ఈ కళ్ళు పండు చుట్టూ సర్పిలాకారంలో అమరి ఉంటాయి. ఒక దిశలో ఎనిమిది వరుసలు, ఎదురు దిశలో పదమూడు వరుసలు ఉండటం సాధారణం. ఇవి ఫిబొనాచీ సంఖ్యలు. గణితం చదివే విద్యార్థులు కత్తి పట్టేముందు లెక్కపెట్టి చూడవచ్చు.

చెక్కు తీసిన పండును ఒకటిన్నర సెంటీమీటర్ల మందాన చక్రాలుగా కోయాలి. అంతకంటే పలుచనైతే నిప్పుల మీద విరిగిపోతాయి, మరీ మందమైతే నడుమ వేడెక్కదు. నడిమి గట్టి కాడను తీసివేయవచ్చు, కాని కాలేటప్పుడు చక్రాన్ని పట్టి ఉంచేది అదే. కాల్చిన తరువాత తీయడమే సులువు.

తరువాతి పని చాలామంది వదిలివేసేది. ముక్కలను శుభ్రమైన గుడ్డతో అద్ది తడి తీయాలి. అనాసలో సుమారు 86 శాతం నీరే. పైన తడి ఉన్నంతసేపు ఆ వేడి అంతా నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది, ఉపరితలం వంద డిగ్రీలు దాటదు. అప్పుడు ముక్క కాలదు, ఉడుకుతుంది. తడి ఆరిన తరువాతనే వేడి పెరిగి చక్కెరలు పాకం రంగుకు తిరుగుతాయి. పండులోని ఫ్రక్టోజు సుమారు 110 డిగ్రీల సెల్సియస్ వద్దనే ఈ మార్పు మొదలుపెడుతుంది, మామూలు చక్కెరకు సుమారు 160 డిగ్రీలు కావాలి.

బొగ్గులు ఎర్రగా రాజి పైన తెల్లని బూడిద పట్టిన తరువాత ఊచల జల్లెడను పెట్టి, బాగా వేడెక్కనిచ్చి, నెయ్యి రాసిన ముక్కలను పరచాలి. మూడు నాలుగు నిమిషాలు కదపకూడదు. తొందరపడి తిప్పితే ముక్క ఊచలకు అతుక్కొని చిరుగుతుంది. గోధుమరంగు గీతలు పడగానే తనంతట తానే విడివడుతుంది. రెండవ వైపు కూడా అలాగే కాల్చి, చివరి నిమిషంలో మాత్రమే చక్కెర, దాల్చినచెక్క, ఉప్పు కలిపిన పొడిని చల్లి ఒకసారి తిప్పి దించాలి. బ్రెజిల్‌లో మొదటనే పూస్తారు గదా అనవచ్చు. అక్కడ ఊచ నిప్పుకు ఎత్తుగా ఉండి తిరుగుతూ ఉంటుంది. కుంపటి మీద పండు నిప్పుకు జానెడు దూరంలో ఉంటుంది కాబట్టి ముందే చల్లిన చక్కెర మాడి చేదెక్కుతుంది. దించిన తరువాత నిమ్మరసం పిండాలి.

కుంపటి లేనివారు మందపాటి ఇనుప పెనాన్ని పొయ్యిమీద బాగా కాల్చి, ఇదే వరుసలో చేయవచ్చు. పొగ వాసన ఉండదు గాని రంగు, తీపి వస్తాయి. డబ్బాలో నిల్వచేసిన అనాస చక్రాలు ఇప్పటికే ఉడికి పాకంలో నానినవి. వాటిని వాడితే పాకం వంపి, బాగా తుడిచి, తక్కువ సేపు కాల్చాలి. బొగ్గుల కుంపటిని తలుపులు మూసిన గదిలో వాడకూడదు. రాజే బొగ్గుల నుండి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన లేవు. అపాయం తెలిసేలోపే మనిషి స్పృహ తప్పుతాడు.

పెరుగు, పాలతో పొత్తు

పచ్చి అనాస ముక్కలను పెరుగులోనో పాలమీగడలోనో కలిపి కొంతసేపు ఉంచితే చేదెక్కుతుంది. చాలామంది గృహిణులకు అనుభవమైన ఈ సంగతికి కారణం పండులోని బ్రొమిలైన్ అనే ఎంజైముల సముదాయం. ఇవి ప్రొటీనులను ముక్కలు చేస్తాయి. పాలలోని కేసీన్ అనే ప్రొటీను తెగినప్పుడు ఏర్పడే చిన్న ముక్కలలో కొన్నింటి రుచి చేదు. జెలటిన్‌తో చేసే జెల్లీ పచ్చి అనాస వేస్తే గట్టిపడకపోవడానికీ కారణం ఇదే, ఎందుకంటే జెలటిన్ కూడా ప్రొటీనే. సముద్రపు నాచు నుండి తీసే చైనా గ్రాస్ ప్రొటీను కాదు కాబట్టి బ్రొమిలైన్ దానిని ఏమీ చేయదు. పచ్చి అనాస ఎక్కువగా తిన్నప్పుడు నాలుక మంట పుట్టడంలోనూ ఈ ఎంజైములకు పాలు ఉన్నది. పండులోని సూదులవంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు మరొక కారణం.

ఎంజైములు స్వయంగా ప్రొటీనులు. 70 నుండి 80 డిగ్రీల వేడిలో కొద్ది నిమిషాలు ఉంటే బ్రొమిలైన్ చాలావరకు పనిచేయడం మానుతుంది. కాబట్టి నడిమి వరకు వేడెక్కేలా కాల్చిన అనాసను గట్టి పెరుగుతో, మీగడతో, ఐస్‌క్రీముతో నిశ్చింతగా వడ్డించవచ్చు. పైన గీతలు పడి లోపల చల్లగా ఉన్న ముక్కకు ఇది వర్తించదు. విద్యార్థులు దీనిని తేలికగా పరీక్షించవచ్చు. రెండు గిన్నెలలో కాచి చల్లార్చిన పాలు పోసి, ఒకదానిలో పచ్చి ముక్కలు, రెండవదానిలో బాగా కాల్చి చల్లార్చిన ముక్కలు వేసి గంట తరువాత రుచి చూస్తే తేడా నాలుకకే తెలుస్తుంది. పండు పులుపుకు పాలు రెండు గిన్నెలలోనూ కొంత విరగవచ్చు. చూడవలసినది చేదు.

మాంసాహారం తరువాత కాల్చిన అనాస తింటే మాంసం త్వరగా అరుగుతుందని ఒక నమ్మకం ప్రచారంలో ఉన్నది. పచ్చి అనాస రసం మాంసాన్ని మెత్తబరచడం నిజమే. అయితే ఆ పని చేసే ఎంజైమును నిప్పే నశింపజేసిన తరువాత కాల్చిన పండు నుండి ఆ ఫలితాన్ని ఆశించడం సబబు కాదు. కొవ్వు పట్టిన నోటికి పులుపు, తీపి కలిసిన వేడి పండు హాయినిస్తుందన్నది వేరే సంగతి. విందులలో దాని అసలు పాత్ర అదే.

పోషక విలువలు

నూరు గ్రాముల పచ్చి అనాసలో సుమారు 10 గ్రాముల చక్కెరలు, 45 నుండి 50 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటాయి. కాల్చినప్పుడు విటమిన్ సి కొంత నశిస్తుంది. నీరు ఆవిరైపోవడం వలన ముక్క బరువు తగ్గుతుంది గాని అందులోని చక్కెర తగ్గదు. అందుచేత కాల్చిన ముక్క, బరువుకు బరువు చూస్తే, పచ్చిముక్క కంటే తియ్యనిది. మధుమేహం ఉన్నవారు పైన చల్లే చక్కెరను మానినంత మాత్రాన సరిపోదు, ముక్కల సంఖ్యను కూడా లెక్కించుకోవాలి. అంతగా తియ్యగా లేని పండు చేతికి వచ్చినప్పుడు, దానిని పారవేయకుండా ఇలా కాల్చి కొంత వరకు తినదగినదిగా చేయవచ్చు. పూర్తిగా పచ్చిదైతే నిప్పు కూడా దానిని బాగుచేయలేదు. అటువంటిది పప్పులోనో పచ్చడిలోనో వేసుకోవడం మంచిది.

కాల్చిన ముక్కలను వేడిగా ఉండగానే వడ్డించాలి. మిగిలినవి మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే రెండు రోజులు నిలుస్తాయి. అప్పటికి పైన పాకం కరిగి రసం ఊరుతుంది. ఆ రసాన్ని చల్లని మజ్జిగలో కలుపుకొని త్రాగవచ్చు.