మనస్సుకు ఒక చిరునామా

తెలుగువారి ఇండ్లలో నిత్యపూజ మొదలుకొని వివాహం వరకు ఏ కార్యమైనా ఒక చిన్న ప్రకరణంతో ఆరంభమవుతుంది. యజమాని పీటమీద కూర్చుంటాడు. ఆచమనం చేస్తాడు. ప్రాణాయామం చేస్తాడు. ఆ పిమ్మట పురోహితుడు గుక్క తిప్పుకోకుండా ఒక పొడుగైన వాక్యం చెప్పుకుపోతాడు. మధ్యలో ఒక్కచోట మాత్రం ఆగి, "గోత్రం చెప్పండి, పేరు చెప్పండి" అంటాడు. యజమాని ఉలిక్కిపడి జవాబు చెబుతాడు. ఆ ఉలికిపాటుకు కారణం వెదుక నక్కరలేదు. అంతవరకు ఆయన మనస్సు అక్కడ లేదు. వీధి గుమ్మంలో వినవచ్చిన అలికిడి మీదనో, వంటింటి నుండి వచ్చే పోపు వాసన మీదనో, పక్కగదిలో మ్రోగి ఆగిన ఫోను మీదనో ఉన్నది. "చిత్తం శివుడి మీద, భక్తి చెప్పుల మీద" అనే సామెత ఇటువంటి భక్తులను చూచి పుట్టినదే కదా!

ఇందులో ఒక వింత ఉన్నది. ఆయన వినకుండా వదలివేసిన ఆ వాక్యమే, తిరుగుబోతు మనస్సును తెచ్చి ఒకచోట కూర్చుండబెట్టగల వాక్యం. దాని పేరు సంకల్పం.

సంకల్పం మొదట బ్రహ్మదేవుని ఆయుర్దాయంలోని రెండవ పరార్ధాన్ని పేర్కొంటుంది. అందులో శ్వేతవరాహ కల్పం, ఆ కల్పంలో వైవస్వత మన్వంతరం, ఆ మన్వంతరంలో కలియుగం, ఆ యుగంలోనూ ప్రథమ పాదం. పురాణాల లెక్కలో ఒక కల్పానికి 432 కోట్ల సంవత్సరాలు. కలియుగానికి 4,32,000 సంవత్సరాలు. కాలం ఇట్లా మెట్టు మెట్టుగా దిగివస్తూ ఉండగా, దానితోపాటు దేశం కూడా దిగివస్తుంది. జంబూద్వీపం, భరతవర్షం, మేరువుకు దక్షిణ భాగం, శ్రీశైలానికి ఫలానా దిక్కు, ఫలానా రెండు నదుల నడిమి ప్రదేశం. ఏలూరులో పీట వేసుకున్నవాడు శ్రీశైలానికి ఈశాన్యాన, కృష్ణా గోదావరుల మధ్య ఉన్నట్లు చెప్పుకుంటాడు. సముద్రాలు దాటి వెళ్ళిన తెలుగువారి పూజలలో ఈ భాగాన్ని అక్కడి భూమికి తగినట్లు మార్చి చెబుతారు. ఉన్నచోటు ఉన్నట్లు చెప్పవలెనన్నదే అక్కడ నియమం. తరువాత అరువది సంవత్సరాల చక్రంలో ఆ ఏటి పేరు, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం, నక్షత్రం. ఆపైన గోత్రం, పేరు. చిట్టచివరకు, "ఈ పని చేస్తున్నాను" అన్న నిశ్చయం. అక్షతలతో నీటిని పళ్ళెంలో విడుస్తారు. అంతటితో మాట ముగుస్తుంది, పని మొదలవుతుంది.

కోట్ల సంవత్సరాల దగ్గర బయలుదేరిన వాక్యం ఒక పీటమీది మనిషి దగ్గరకు, అతని చేతిలోని ఒక్క పని దగ్గరకు వచ్చి ఆగింది. ఈ ప్రయాణం వలన కలిగే మేలు రెండు విధాలు. అంత కాలంలో, అంత దేశంలో తానెంతటివాడో ఒక్క క్షణం తలచినవానికి నిన్నటి అవమానమూ రేపటి భయమూ కొంత చిన్నవిగా కనబడతాయి. అది మొదటిది. ఇంత చిన్నవాడైనా, ఈ తిథినాడు, ఈ తావున తాను చేయవలసిన పని ఒకటి ఉన్నదని తెలియటం రెండవది. మొదటిది అహంకారాన్ని దించుతుంది. రెండవది నిస్పృహను పోగొడుతుంది. చిరునామా లేని ఉత్తరం ఊరూరా తిరిగినట్లు తిరిగే మనస్సుకు సంకల్పం ఒక చిరునామా వ్రాసి ఇస్తుంది.

మనస్సు తిరుగుతుందన్న సంగతి ఈనాడు క్రొత్తగా తెలిసినది కాదు. శుక్ల యజుర్వేదానికి చెందిన వాజసనేయ సంహితలో 34వ అధ్యాయం ఆరంభాన ఆరు మంత్రాలు ఉన్నాయి. వాటిని శివసంకల్ప సూక్తమంటారు. మేలుకొని ఉన్నప్పుడు దూరానికి పోయేదీ, నిద్రలోనూ అట్లాగే పోయేదీ మనస్సేనని ఆ సూక్తం గుర్తించింది. మంచి సారథి పగ్గాలతో గుర్రాలను తోలినట్లు మనుష్యులను తోలేది కూడా మనస్సేనని చెప్పింది. అయినా, ఆ గుర్రాలను గుంజకు కట్టివేయమని ఋషి కోరలేదు. ఆరు మంత్రాల చివరనూ ఆయన కోరినది ఒక్కటే: మనస్సు శుభమైన సంకల్పం కలది కావాలని. పరుగు మాన్పటం కాదు, పరుగుకు ఒక దారి చూపటం ఆయన ఉద్దేశం.

భగవద్గీత ఆరవ అధ్యాయంలో అర్జునుడు ఇదే మొర పెట్టుకున్నాడు. మనస్సును పట్టటం గాలిని పట్టటం వలె దుష్కరమన్నాడు. కృష్ణుడు ఆ మాటను కాదనలేదు. అది కష్టమేనని ఒప్పుకొని, అభ్యాసమూ వైరాగ్యమూ దానికి ఉపాయాలని చెప్పినాడు. అంతకుముందే, మనస్సు ఎక్కడెక్కడికి జారిపోతే అక్కడక్కడినుండి మళ్ళించి తీసుకొని రావలెనని కూడా చెప్పి ఉన్నాడు. ఇక్కడ విద్యార్థులు గమనించదగిన ఊరట ఒకటి ఉన్నది. మనస్సు జారటం అపజయం కాదు. జారిందని తెలిసి మళ్ళించటమే అభ్యాసం. నూరుసార్లు జారి నూరుసార్లు మళ్ళినవాడు నూరుసార్లు సాధన చేసినవాడే.

ఆధునిక మనస్తత్త్వ శాస్త్రం ఈ విషయాన్నే తన పద్ధతిలో కొలిచి చూచింది. హార్వర్డు విశ్వవిద్యాలయానికి చెందిన కిల్లింగ్స్‌వర్త్, గిల్బర్ట్ అనే ఇద్దరు పరిశోధకులు 2,250 మంది వయోజనులను పరిశీలించి, 2010లో 'సైన్స్' పత్రికలో తమ ఫలితాలను ప్రకటించారు. పగటివేళ అనుకోని సమయాలలో ఫోను ద్వారా వారిని పలుకరించి, ఏమి చేస్తున్నారు, ఏమి ఆలోచిస్తున్నారు, ఎట్లా ఉన్నారు అని అడిగారు. వచ్చిన జవాబులలో 46.9 శాతం, చేస్తున్న పని ఒకటి, ఆలోచన మరొకటి. అంటే మెలకువలోని కాలంలో దాదాపు సగం మనిషి ఉన్నచోట లేడు. అట్లా లేనప్పుడు అతడు సుఖంగానూ లేడు. ప్రియమైన విషయాల చుట్టూ తిరిగి వచ్చిన మనస్సుకు కూడా, చేతిలోని పనిలో నిలిచిన మనస్సు కంటె ఎక్కువ సంతోషం దక్కలేదు. అప్రియమైన విషయాల వైపు పోయినప్పటి సంగతి చెప్పనే అక్కరలేదు. అశాంతికి కారణం బయటి కష్టాలే అనుకొనేవారు ఈ ఫలితాన్ని కొంచెం ఆలోచించవలసి ఉన్నది.

మరి పని చేయాలన్న కోరిక ఉంటే చాలదా? చాలదని చూపినవాడు జర్మన్ మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు పీటర్ గోల్విట్జర్. సెలవులలో పండుగ గడచిన రెండు రోజులలోపల ఒక చిన్న నివేదిక వ్రాసి పంపమని విద్యార్థులను కోరారు. సగం మందిని మాత్రం, ఎప్పుడు ఎక్కడ కూర్చుండి వ్రాస్తారో ముందే నిర్ణయించుకోమన్నారు. వారిలో సుమారు నాలుగింట మూడు వంతులు గడువులోపల వ్రాసినారు. ఆ నిర్ణయం చేసుకోనివారిలో మూడింట ఒక వంతు మాత్రమే వ్రాయగలిగారు. 1997లో వెలువడిన ఈ ప్రయోగంలో కోరిక అందరికీ ఉన్నది. కాలమూ దేశమూ చెప్పుకున్న కోరిక మాత్రమే ఎక్కువగా పనిగా మారింది. ఏ తిథి, ఏ తావు, ఎవరు, ఏ పని అని వరుసగా చెప్పించే సంకల్ప వాక్యం ముందు ఈ ప్రయోగాన్ని ఉంచి చూచినప్పుడు, పెద్దల కూర్పులోని లోకజ్ఞానం బోధపడుతుంది.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. అదే గీత, సంకల్పం వలన పుట్టిన కోరికలన్నిటినీ విడువమని కూడా అన్నది కదా? నిజమే. సంకల్పమన్న మాటకు రెండు ముఖాలు ఉన్నాయి. "ఇది నాకు కావలె" అన్నది ఒక ముఖం. "ఇది నేను చేయుదును" అన్నది రెండవ ముఖం. మొదటిది ఫలం చుట్టూ తిరుగుతుంది. ఫలం చేతిలోనిది కాదు గనుక దానిని పట్టుకున్న మనస్సుకు నెమ్మది ఉండదు. రెండవది పని దగ్గర నిలుస్తుంది. పని చేతిలోనిది గనుక మనస్సుకు ఒక ఆనిక దొరుకుతుంది. "ప్రథమ శ్రేణి రావలె" అనుకున్న విద్యార్థికి ఆ రాత్రి నిద్ర పట్టకపోవచ్చు. "ఈ సాయంకాలం ఆరు గంటలకు, అరుగుమీద కూర్చుండి, మూడవ అధ్యాయంలోని పది లెక్కలు చేస్తాను" అనుకొని చేసినవానికి నిద్ర తప్పక దగ్గరవుతుంది. గీత విడువమన్నది మొదటి దానినే గాని రెండవదానిని కాదు.

ఈ సంకల్ప వాక్యం ఒకనాడు అందరి నోటికీ అందినది కాదు. సంస్కృతం చదువని వారికీ, వైదిక కర్మలకు దూరంగా ఉంచబడిన వారికీ అది వినవచ్చిన శబ్దమే గాని తెలిసిన అర్థం కాలేదు. అధికారమున్న వారైనా చాలామంది అర్థాన్ని విడిచి శబ్దాన్నే పట్టుకున్నారు. అయితే అందులోని ఉపాయం ఏ ఒక్కరి సొత్తూ కాదు. ప్రతి ఉదయం వేలాది పాఠశాలలలో అది మరొక రూపంలో జరుగుతూనే ఉన్నది. ఉపాధ్యాయుడు తరగతిలో అడుగుపెట్టి నల్లబల్లను శుభ్రంగా తుడుస్తాడు. పైన తేది వ్రాస్తాడు, వారం వ్రాస్తాడు, తరగతి వ్రాస్తాడు. నమోదు ఎంత, హాజరు ఎంత అని వ్రాస్తాడు. విషయం పేరు, పాఠం పేరు వ్రాసి క్రింద ఒక గీత గీస్తాడు. కాలం, దేశం, కర్త, కర్మ - అన్నీ అక్కడ ఉన్నాయి. తుడిచిన బల్ల ఆచమనం వంటిది. గీసిన గీత విడిచిన నీటి వంటిది. యాంత్రికంగా వ్రాస్తే అది సుద్దముక్క అరగటమే. మనస్సు పెట్టి వ్రాస్తే, నలుబది నిమిషాల పాఠానికి అదే సంకల్పం.

విద్యార్థులకు దీనికంటె పెద్ద సాధన అవసరం లేదు. చదువుకు కూర్చునే ముందు ఫోనును మరొక గదిలో ఉంచి, నాలుగుసార్లు నెమ్మదిగా ఊపిరి తీసి విడిచి, పుస్తకంలో తేది, వేళ, చేయబోయే ఒక్క పని వ్రాసుకుంటే చాలు. ఒక్క పని అన్నదే ఇందులో ముఖ్యం. పది పనులు వ్రాసుకున్నవానికి అది జాబితా అవుతుంది, సంకల్పం కాదు. మధ్యలో మనస్సు జారినప్పుడు తనను తాను తిట్టుకోకుండా, వ్రాసుకున్న ఆ పంక్తిని మరల ఒకసారి చదువుకోవాలి. పని ముగిసిన పిమ్మట దాని ప్రక్కన ఒక చిన్న గుర్తు పెట్టి లేవాలి. నెలదినాలు ఇట్లా గడిస్తే, శాంతి కోసం ప్రత్యేకంగా వెదకకుండానే అది కొంత వచ్చి ప్రక్కన కూర్చున్నట్లు తెలుస్తుంది.

సంకల్పం సర్వరోగ నివారిణి కాదు. ఆకలికి అన్నమే మందు. అప్పుకు తీర్చే దారి కావాలి. వారాల తరబడి నిద్ర పట్టక, దిగులు వదలక, తిండి సయించక ఉన్న విద్యార్థికి ఏకాగ్రతను గురించి ఉపన్యసించటం క్రూరత్వమే అవుతుంది. అటువంటివానిని ఆదరించి వైద్యుని దగ్గరకు తీసుకొనిపోవటం ఉపాధ్యాయుని ధర్మం. ఆ హద్దు తెలిసి ఆచరించినప్పుడే ఈ చిన్న సాధనకు విలువ ఉంటుంది.

పీటమీది యజమానిని పురోహితుడు పేరు అడుగుతాడు. బల్లమీది విద్యార్థిని ఉపాధ్యాయుడు పేరు పెట్టి పిలుస్తాడు. ఇద్దరి జవాబుకూ అర్థం ఒక్కటే: "ఇక్కడ ఉన్నాను" అని. రోజుకు ఎన్నిసార్లు ఆ మాట నోటితో చెప్పినారో హాజరు పట్టికకు తెలుసు. ఎన్నిసార్లు అది నిజమైందో ఎవరి మనస్సుకు వారే లెక్క చెప్పుకోవాలి.