నూరేళ్ళు బతకాలని పెద్దవాళ్ళకి ఉంటుందా?

కాళ్ళకి దణ్ణం పెట్టిన పిల్లల్ని "నూరేళ్ళు చల్లగా ఉండు" అని దీవించటం మనకి అలవాటు. మరి దీవించే పెద్దవాళ్ళు తాము నూరేళ్ళు బతకాలనుకుంటారా? ఈ వారం ఆ సంగతి మాట్లాడుకుందాం.

ఇక్కడ డాలస్‌లో పిల్లల దగ్గరికొచ్చి ఉంటున్న కొంతమంది పెద్దవాళ్ళని ఈ ప్రశ్నే అడిగాను. చాలామంది ఇన్నేళ్ళని అంకె చెప్పలేదు. "కాళ్ళూ చేతులూ ఆడినన్నాళ్ళు చాలు నాయనా" అన్నారొకాయన. "ఒకరిచేత చేయించుకోకుండా వెళ్ళిపోతే అదే పదివేలు" అన్నారొక పెద్దావిడ.

వీళ్ళు పుట్టిన రోజుల్లో దీర్ఘాయుష్షు అరుదు. 1951 నాటికి మన దేశంలో సగటు ఆయుర్దాయం దాదాపు 32 ఏళ్ళే. పసితనంలోనే ఎంతోమంది పోవటం దీనికి పెద్ద కారణం. అందుకే అరవై నిండితే షష్టిపూర్తి, వెయ్యి పున్నములు చూస్తే, అంటే సుమారు 81వ ఏట, సహస్ర చంద్ర దర్శనం చేసుకునేవారు. ఇప్పుడా సగటు 70 దరిదాపుల్లో ఉంది. ఎనభై ఏళ్ళవాళ్ళు ప్రతి వీధిలోనూ కనిపిస్తున్నారు. దాంతో ఎన్నాళ్ళు అన్నదానికంటే ఎలా అన్నదే వాళ్ళకి ముఖ్యమైంది.

ఇది మనవాళ్ళ ఆలోచన మాత్రమే కాదు. 2013లో ప్యూ రీసెర్చ్ సెంటర్ అమెరికాలో అన్ని వయసుల పెద్దలనీ అడిగితే, వాళ్ళు కోరుకున్న ఆయుష్షు మధ్యస్థంగా 90 ఏళ్ళు. 120 దాకా బతికించే వైద్యం వస్తే చేయించుకుంటారా అంటే సగానికి పైగా వద్దన్నారు.

మిగిలిన కాలం కొద్దే అనిపించినప్పుడు మనిషి కొత్త పరిచయాలు తగ్గించుకుని దగ్గరివాళ్ళ మీదే మనసు పెడతాడని స్టాన్‌ఫర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త లారా కార్స్‌టెన్సన్ వివరించారు. అమ్మ ఫోన్లో రోజూ "ఏం తిన్నావు?" అని అడగటంలో ఉన్నది అదేనేమో.

వాళ్ళు "ఇంక చాలురా" అనగానే మనం "అలాంటి మాటలనకమ్మా" అని నోరు మూయిస్తాం. తిండీ నిద్రా మానేసి ఆ మాట అంటుంటే డాక్టరుకి చూపించాల్సిందే. కానీ చాలాసార్లు అది నిరాశ కాదు, మనం వినాలనుకుని చెబుతున్న మాట. వెంటిలేటరు కావాలా, చివరి రోజుల్లో ఇంట్లోనే ఉండాలనుందా, తాము చెప్పలేని స్థితిలో ఎవరు నిర్ణయించాలి? ఇవి ముందే తెలియకపోతే, అర్ధరాత్రి ఇండియా నుంచి ఫోనొచ్చినప్పుడు అన్నదమ్ములు తలో మాటా అంటారు.

కోలుకునే ఆశలేని జబ్బులో ఏ వైద్యం వద్దో ముందుగానే రాసిపెట్టే లివింగ్ విల్‌ని భారత సుప్రీంకోర్టు 2018లో అంగీకరించింది. 2023లో పద్ధతిని సులువు చేసింది. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ చేతగానీ గెజిటెడ్ అధికారి చేతగానీ ధృవీకరించుకోవాలి. ఇక్కడ అమెరికాలోనూ ఇలాంటి పత్రాలున్నాయి, పద్ధతి మాత్రం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.

ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు మందులు వేసుకున్నారా అని అడిగాక, "నాన్నా, మీకెలా ఉండాలనుంది?" అని కూడా అడగండి. జవాబు వచ్చేదాకా ఓపిగ్గా వినండి. సెలవు.