శారా కూడా మూట కట్టుకుంది

దేవుని పిలుపు అనగానే మన చర్చిల్లో మొదట వినిపించే పేరు అబ్రాహాము. ఎక్కడికో తెలియకుండానే అయినవాళ్లను వదిలి హారాను నుంచి బయల్దేరేసరికి ఆయనకు 75 ఏళ్లని ఆదికాండం చెబుతోంది. శారా ఆయనకంటే పదేళ్లు చిన్నది. అంటే ఆవిడకు 65. ఆ వయసులో ఇల్లు కదపడం అంటే ఏమిటో, భర్త బదిలీలతో నాలుగు ఊళ్లు తిరిగిన ఏ ఇల్లాలినడిగినా చెబుతుంది. పిలుపు ఆయనకే వచ్చినా మూట కట్టుకున్నది ఇద్దరూనూ! ప్రసంగాల్లో మాత్రం శారా మూట సంగతి ఎవరూ ఎత్తరు.

మన శ్రీకాకుళం జిల్లా క్రైస్తవ చరిత్రలో ఇలాంటి ఆడవాళ్ల మూటలు చాలానే ఉన్నాయి. కెనడాలోని నోవాస్కోషియాకు చెందిన హన్నా మరియా నోరిస్ సంగతే చూడండి. బర్మా వెళ్లి సేవ చేయాలని ఆవిడ కోరిక. ఒంటరి ఆడపిల్లను పంపడానికి తమ దగ్గర డబ్బు లేదన్నారు మిషన్ పెద్దలు. ఆవిడ ఏడుస్తూ కూర్చోలేదు. 1870లో ఊరూరా తిరిగి, ఆడవాళ్లను కూడగట్టి, కొద్ది నెలల్లోనే ముప్పైకి పైగా స్త్రీల సహాయ సంఘాలు పెట్టించింది. వాళ్ల అండతో ఆ ఏడాదే ఓడ ఎక్కింది. తర్వాత ఆర్మ్‌స్ట్రాంగ్ గారిని పెళ్లాడి, అప్పట్లో చికాకోల్ అనే మన శ్రీకాకుళం వచ్చి పనిచేసింది. ఆ తర్వాత మళ్లీ బర్మా వెళ్లినా, అక్కడి తెలుగు, తమిళ కుటుంబాల మధ్యే ఉంది.

ఓడ ఎక్కింది ఒక్క హన్నాయే. కానీ ఇంటి ఖర్చులో తగ్గించుకుని కానుక ఇచ్చినవాళ్లు విధేయులు కారా? వండే ప్రతిసారీ దేవుని పేరిట పిడికెడు బియ్యం తీసిపెట్టే మన అమ్మమ్మలకు ఈ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు.

మరి మన ఊళ్లలో గడప దాటినవాళ్లో? కెనడియన్ బాప్టిస్టు మిషన్ టెక్కలిలోనూ పనిచేసింది. ఆ మిషన్ పనిలో తెలుగు బైబిలు స్త్రీలది పెద్ద చెయ్యి. మగవాళ్లు అడుగుపెట్టలేని లోగిళ్లలోకి వీళ్లే వెళ్లేవారు. సముద్రం దాటిన దొరసానుల పేర్లు పుస్తకాల్లోకెక్కాయి. ఒక వీధి నుంచి ఇంకో వీధికి, తిట్లు తింటూ నడిచిన ఈ అమ్మల పేర్లు మనలో ఎందరికి తెలుసు?

సోంపేట కళ్లాసుపత్రి కథా ఇలాంటిదే. అక్కడి ఆరోగ్యవరంలో పనిచేసిన కెనడా వైద్యుడు బెన్ గలిసన్ మాటలు కాల్గరీ వ్యాపారి ఆర్ట్ జెంకిన్స్‌ను కదిలించాయి. 1963లో ఆయన ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థను స్థాపించారు. ఒకరు ఊరు వదిలి వచ్చారు. ఇంకొకరు ఉన్నచోటే ఉండి, తన తీరిక వదులుకున్నారు.

ఇప్పుడు మన రోజులకొద్దాం. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానం కొబ్బరినీ జీడినీ కూల్చేసింది. అంతకు చాలాముందు నుంచే కిడ్నీ జబ్బు ఆ ఇళ్లను కూలుస్తోంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైంది. కట్టడం ప్రభుత్వం పని. వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగేసి గంటలు యంత్రం పక్కన పడుకునే మనిషికి తోడు కావాలి కదా!

నర్సింగు చదివిన మా స్నేహితురాలి కూతురు ఈ డయాలసిస్ పనికే వస్తానంటోంది. విశాఖలో పెద్ద జీతం వచ్చే ఉద్యోగం ఉంది. సంబంధాలు చూస్తున్నారు. "ఇది దేవుడి పిలుపంటోంది. నువ్వైనా వద్దని చెప్పు" అని తల్లి నన్ను బతిమాలింది. ఆ సాయంత్రం స్త్రీల సమాజంలో ఈ మాటే వచ్చింది. వజ్రపుకొత్తూరు వైపు నుంచి వచ్చే ఓ పెద్దావిడ అంది: "ఏటమ్మా, దేవుడు పిలిస్తే దూరదేశమే ఎల్లాలా? పక్కూరు ఎల్తే పిలుపు కాదేటి?"

పిలుపు పేరు చెప్పి పసిపిల్లల్నీ, మంచాన పడ్డ అత్తగారినీ వదిలేసి పొమ్మని నేనెప్పుడూ అనను. అది విధేయత కాదు, బరువు ఇంకొకరి నెత్తిన పెట్టడం. కాబట్టి ఎవరైనా పిలుపు వచ్చిందంటే మూడు ప్రశ్నలు వేసుకుంటే మంచిది. దీనివల్ల మేలు ఎవరికి? ఇందులో నేను వదులుకునేది నాదేనా, ఇంకొకరిదా? ఎవరూ చూడకపోయినా, ఎవరూ మెచ్చుకోకపోయినా చేస్తానా?

ఆ పిల్లను ఇవే అడిగాను. మూడింటికీ తడుముకోకుండా జవాబు చెప్పింది. అందుకే వద్దని చెప్పలేదు. తల్లితో మాత్రం, "పిల్లను పంపడం కూడా పిలుపేనే. ఈసారి అది నీకొచ్చింది" అన్నాను. ఆవిడ ఇంకా ఆలోచిస్తోంది. ఆలోచించనీండి. శారాకైనా మూట కట్టడానికి కొంత సమయం పట్టే ఉంటుంది!