సిలిండర్‌లోని ప్రొపేన్ రాకెట్‌కు పనికొస్తుందా?

వనపర్తిలోనో గద్వాలలోనో పెళ్లి వంట జరుగుతున్న చోట గ్యాస్ సిలిండర్‌ను ఒకసారి చేత్తో తాకి చూడండి. పెద్ద పొయ్యిలు గంటల తరబడి మండుతుంటే సిలిండర్ కింది భాగం చల్లబడి, బయట చెమట పట్టినట్టు తడిసిపోతుంది. ఆ తడి ఎంత ఎత్తు దాకా ఉంటే లోపల గ్యాస్ అంత మిగిలిందని వంటవాళ్లు చెప్పేస్తారు. వాళ్ల లెక్క సరైనదే. లోపలి ద్రవం ఆవిరి కావడానికి వేడి కావాలి, దాన్ని తనను అంటుకుని ఉన్న ఇనుము నుంచే లాక్కుంటుంది.

ఆ ద్రవంలో ప్రధానంగా ఉండేవి ప్రొపేన్, బ్యూటేన్. వీటిలో ప్రొపేన్‌తో రాకెట్ నడిపే ప్రయత్నం నిజంగానే జరుగుతోంది. జర్మనీకి చెందిన ఇసార్ ఏరోస్పేస్ తయారుచేసిన స్పెక్ట్రమ్ రాకెట్ ప్రొపేన్, ద్రవ ఆక్సిజన్‌లతో నడుస్తుంది. 2025 మార్చి 30న నార్వేలోని అండోయా నుంచి తొలిసారి లేచింది. అర నిమిషంలోపే అదుపు తప్పి సముద్రంలో పడింది. అయినా ఆ ఇంధనాన్ని ఎంచుకోవడం వెనుక గట్టి ఆలోచనే ఉంది.

పొయ్యికి గాలి చుట్టూ ఉంటుంది. రాకెట్ మాత్రం ఇంధనంతో పాటు ఆక్సిజన్‌నూ మోసుకుపోవాలి. ఆక్సిజన్ ద్రవంగా ఉండాలంటే మైనస్ 183 డిగ్రీల చలి కావాలి. అందుకే ఏ ఇంధనాన్ని చూసినా, అంత చలి పక్కన అది ఎలా ఉంటుందన్నది నేను మొదట అడిగే ప్రశ్న. ఎంత వేడిగా మండుతుందన్నది ఆ తర్వాతి సంగతి.

కిరోసిన్ ఆ చలికి గడ్డకట్టేస్తుంది, కాబట్టి రెండు ట్యాంకుల మధ్య ఉష్ణ కవచం తప్పదు. హైడ్రోజన్‌ది వేరే ఇబ్బంది. దానికి మైనస్ 253 డిగ్రీలు కావాలి, పైగా లీటరు బరువు 71 గ్రాములే కాబట్టి ట్యాంకు భారీగా పెరిగిపోతుంది. మీథేన్ మైనస్ 161 దగ్గర మరిగి, మైనస్ 182.5 దగ్గర గడ్డకడుతుంది. అంటే ఆక్సిజన్ మరిగే చోటికి అర డిగ్రీ ముందే గడ్డ.

ప్రొపేన్ మైనస్ 42 దగ్గర మరుగుతుంది, మైనస్ 188 దాకా గడ్డకట్టదు. ద్రవ ఆక్సిజన్ పక్కన అదే చలిలో అదీ ద్రవంగానే ఉండగలదు. రెంటి మధ్య ఒకే గోడ పెట్టుకోవచ్చు, బరువు తగ్గుతుంది. ఇంకో లాభం, చల్లబడేకొద్దీ చిక్కబడుతుంది. మరిగే చోట లీటరు 580 గ్రాములుండే ప్రొపేన్, ఆక్సిజన్ అంత చలికి వచ్చేసరికి సుమారు 730 గ్రాములవుతుంది. మీథేన్ మరిగే చోట 420 గ్రాములే ఉంటుంది. ఇంధనాన్నీ దానికి కావలసిన ఆక్సిజన్‌నూ కలిపి లెక్కేస్తే మీథేన్ జత లీటరుకు సుమారు 830 గ్రాములు, చల్లార్చిన ప్రొపేన్ జత దాదాపు కిలో, కిరోసిన్ జత అంతకంటే కాస్త ఎక్కువ. చిన్న రాకెట్‌కు ఈ తేడా చాలా విలువైనది.

మరి వంటగ్యాస్‌నే చల్లార్చి వాడేస్తే? కుదరదు. బ్యూటేన్ మైనస్ 138కే గడ్డకట్టి పైపుల్లో అడ్డుపడుతుంది. లీకైతే తెలియడానికి కలిపే ఘాటు వాసన పదార్థం మెర్‌కాప్టన్‌లో గంధకం ఉంటుంది. ఇంజిన్ గోడ కరిగిపోకుండా అందులోని సన్నని దారుల గుండా ఇంధనాన్నే పారిస్తారు. ఆ గోడ చాలా ఇంజిన్లలో రాగి మిశ్రమం, గంధకం రాగిని తినేస్తుంది. అందువల్ల రాకెట్‌కు శుద్ధమైన, వాసన లేని ప్రొపేన్ కావాలి.

ప్రొపేన్‌కు లోపాలూ ఉన్నాయి. వేడి గోడల మీద అది మీథేన్ కంటే తొందరగా మసి కడుతుంది, కాబట్టి మళ్లీ మళ్లీ వాడే ఇంజిన్లకు మీథేనే మేలు. ఆవిరి గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు కావడంతో లీకైతే పైకి పోదు, నేలబారుగా పరుచుకుని గుంతల్లో, కాలువల్లో నిలిచి నిప్పు కోసం కాచుకుని ఉంటుంది. ఇంట్లో సిలిండర్ లీకైనప్పుడు స్విచ్ వేయొద్దని, తలుపులు తెరవమని చెప్పేది ఇందుకే.

మనవాళ్లు ఇంధనాల విషయంలో ఎంతో దూరం వచ్చారు. పవన్ కుమార్ చందన, నాగ భరత్ డాకా 2018లో హైదరాబాద్‌లో స్థాపించిన స్కైరూట్, 2021 నవంబర్‌లో ధవన్-1 ఇంజిన్‌ను ద్రవ సహజవాయువుతో మండించింది. 3డి ప్రింటింగ్‌తో చేసిన ధవన్-2ను 2023 ఏప్రిల్‌లో ఏకధాటిగా 200 సెకన్లు నడిపింది. రెండు పరీక్షలూ నాగపూర్‌లోనే. చెన్నైకి చెందిన అగ్నికుల్ 2024 మే 30న మన శ్రీహరికోట నుంచే కిరోసిన్ తరహా ఇంధనంతో చిన్న రాకెట్‌ను ఎగరేసింది. ఇస్రో 2000 కిలోన్యూటన్ల కిరోసిన్ ఇంజిన్ మీద పనిచేస్తోంది. దాని కీలక భాగాన్ని 2025 మార్చి 28న మహేంద్రగిరిలో మండించి చూసింది.

ఈ వరుసలో ప్రొపేన్‌కూ చోటు దక్కాలని నా అభిప్రాయం. భారీ రాకెట్లకు కాదు, ఒక్కసారి ఎగిరి ఉపగ్రహాన్ని కక్ష్యలో వదిలే చిన్న రాకెట్లకు. ఆ పని చేయగల పిల్లలు ఇవాళ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జూనియర్ కాలేజీల్లోనూ ఉన్నారు. ఇంటర్ మొదటి సంవత్సరం కెమిస్ట్రీలో వాళ్లు చదివే హైడ్రోకార్బన్ల పాఠంలోని మరిగే, గడ్డకట్టే ఉష్ణోగ్రతలే ఈ వ్యాసమంతటికీ ఆధారం. లెక్చరర్లు ఆ పాఠం చెప్పే రోజు ద్రవ ఆక్సిజన్ ఉష్ణోగ్రతను కూడా బోర్డు మీద పక్కనే రాసి, రాకెట్‌కు ఏ ఇంధనం సరిపోతుందో పిల్లల్నే తేల్చమని అడగండి.